కాగితం తీయని బొంతలు

మన తెలుగులో "అతుకుల బొంత" అన్న మాటని ఎప్పుడూ వెక్కిరింపుగానే వాడతాం. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం పెడితే అతుకుల బొంత అని రాస్తాయి పత్రికలు. సినిమాలో కథ కుదరకపోతే అతుకుల బొంతలా ఉందంటాం. ఈ మాట వాడేవాళ్ళెవరూ బొంత కుట్టి ఎరగరని నా అనుమానం. అతుకు వేయడం అంత తేలికైన పనేం కాదు. మూలకి మూల కలవాలి, అంచుకి అంచు కలవాలి. లాగితే ఊడకూడదు, ఉతికితే ముడుచుకోకూడదు. అందులోనూ ఈరోజు నేను చెప్పబోయే అతుకు మరీ మొండిది. గుడ్డని కాగితం మీద మడిచి కుట్టే అతుకు. ఇంగ్లీషువాళ్ళు దీన్ని పేపర్ పీసింగ్ అంటారు. వాళ్ళ దగ్గర దీనికి మూడొందల ఏళ్ళ చరిత్ర ఉంది. ఆ చరిత్రలో నన్ను అన్నిటికన్నా పట్టుకున్నది గుడ్డ కాదు, దాని వెనక ఉండే కాగితం.

ముందు పని ఎలా చేస్తారో చెప్తాను. కాస్త మందంగా ఉన్న కాగితాన్ని ఆరు మూలల ముక్కలుగా కత్తిరించుకోవాలి. తేనెపట్టులో గదులుంటాయే, అచ్చం అలాగ. గుడ్డని అంతకంటే చుట్టూ పావు అంగుళం ఎక్కువగా కత్తిరించాలి. కాగితాన్ని గుడ్డ మధ్యలో పెట్టి, మిగిలిన అంచుని కాగితం మీదకి మడిచి కచ్చా కుట్టు వేయాలి. ఇలాంటివి రెండు తయారయ్యాక మంచివైపులు ఎదురెదురుగా పెట్టి, ఒక అంచు పొడుగునా దగ్గరదగ్గరగా చిన్న కుట్లు వేయాలి. సూది గుడ్డ అంచుని మాత్రమే పట్టాలి, కాగితాన్ని తాకకూడదు. తెరిచి చూస్తే రెండు ముక్కలూ పక్కపక్కన కూర్చుని ఉంటాయి. ఒక ముక్క చుట్టూ ఆరు ముక్కలు వచ్చి చేరితే పువ్వవుతుంది. నాలుగు వైపులా చుట్టాలు వచ్చేశాక మధ్య ముక్క తన ఆకారం తానే నిలుపుకుంటుంది. అప్పుడు కచ్చా కుట్టు విప్పి కాగితం తీసేయొచ్చు. తీసిన కాగితాన్ని మళ్ళీ ఇంకో ముక్కకి వాడుకోవచ్చు.

కాగితం లేకపోతే ఏమవుతుందంటారా? గుడ్డని పడుగు వెంబడి లాగితే సాగదు, ఏటవాలుగా లాగితే సాగుతుంది. ఆరు మూలల ముక్కలో కొన్ని అంచులు ఏటవాలుగా పడక తప్పదు. ఒక్కొక్కటీ వెంట్రుకవాసి సాగినా వంద ముక్కలయ్యేసరికి దుప్పటి బుట్టలా ఉబ్బుతుంది. కాగితం సాగదు కనుక గుడ్డని అదుపులో పెడుతుంది.

ఇదే పేరుతో ఇంకో పద్ధతి కూడా ఉంది. అందులో బొమ్మ మొత్తం గీతలతో కాగితం మీద ఉంటుంది. గుడ్డముక్కలు కాగితం వెనక పెట్టి, ముందువైపు గీత మీద మిషన్‌తో కుట్టుకుంటూ పోతారు. ఎంత సన్నటి మొనైనా పొల్లు పోకుండా వస్తుంది. కాకపోతే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తుంది కాబట్టి కుడి ఎడమలు మనసులో తిప్పుకుంటూ కుట్టాలి. చివర్లో కాగితాన్ని చింపేస్తారు. చిరగడానికి వీలుగా కుట్టు బాగా చిన్నది పెట్టుకుంటారు. అది త్వరగా అయ్యే పని. నేను చెప్పేది చేతికుట్టు సంగతి.

ఇంగ్లాండులో తేదీతో సహా దొరికిన అతుకు దుప్పట్లలో అన్నిటికన్నా పాతది 1718 నాటిది. పట్టుముక్కలతో కుట్టినది. ఇప్పుడది బ్రిటిష్ దీవుల క్విల్టర్స్ గిల్డ్ దగ్గర ఉంది. దాని మీద జంతువులు, పక్షులు, పూలు, ఒక స్త్రీ, ఒక పురుషుడు ఉంటారు. ఆ బొమ్మలన్నీ గుడ్డ మీద పెట్టి కుట్టినవి కావు, కాగితం మీద మడిచి పక్కపక్కన కలిపినవే. లేడి కాలూ పక్షి తోకా అలా మడిచి కలపడం ఎంత కష్టమో ఒక్క ముక్క కుట్టి చూస్తే తెలుస్తుంది. ఆ దుప్పటి మీద "1718" అనీ, "ఇ, హెచ్" అని రెండు ఇంగ్లీషు అక్షరాలూ ఉన్నాయి. ఆమె తన గురించి మనకి చెప్పినది ఆ రెండక్షరాలే. లోపలి కాగితాలు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి. పట్టు పలచన కనుక, కాగితం ఉంటే బిగువుగా ఉంటుందని ఆ రోజుల్లో చాలామంది తీయకుండా వదిలేసేవాళ్ళు.

దానికన్నా ముందుదిగా చెప్పుకునేది లెవెన్స్ హాల్ అనే పెద్ద ఇంట్లో ఉంది. 1708లో కుట్టారని ఆ ఇంటి ఆనవాయితీ. దాని గురించి చదువుతుంటే నా మనసు బందరు పోయింది. ఎందుకంటే అందులో ఉన్నది మన దేశంనుంచి వెళ్ళిన చేతి అద్దకం గుడ్డ. మా అమ్మమ్మగారిది బందరు దగ్గర పల్లె. ఇంగ్లీషు కంపెనీ బందరులో కోఠీ పెట్టింది 1611లో. కోరమాండల్ తీరం పొడుగునా నేసి, చిరివేరుతో ఎర్ర రంగు తీసి, పూలూ తీగలూ వేసిన నూలుగుడ్డలు ఓడలెక్కి లండన్ చేరాయి. ఎంత ఉతికినా రంగు పోని గుడ్డ అక్కడివాళ్ళకి వింత. ఆడవాళ్ళు ఎగబడి కొన్నారు. అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళకి పని పోయే పరిస్థితి వచ్చింది. 1701 నుంచి మన అద్దకం గుడ్డలు అక్కడ అమ్ముకోవడానికి దిగుమతి చేసుకోకూడదని చట్టం అమలైంది. 1719లో లండన్ వీధుల్లో నేతగాళ్ళు అద్దకం గౌన్లు వేసుకున్న ఆడవాళ్ళ మీద పడి బట్టలు చించారు, సిరా చల్లారు. 1721లో వచ్చిన చట్టం అద్దకం నూలుగుడ్డ కట్టుకోవడాన్నే నేరం చేసింది. 1774 దాకా అది పూర్తిగా తొలగలేదు.

నేతగాళ్ళ కడుపు మండడంలో న్యాయం లేదని అనను. కానీ కోపం వచ్చినప్పుడు గుడ్డ అమ్మిన కంపెనీ గోదాము మీదకి కాకుండా, కట్టుకున్న ఆడమనిషి మీదకే చెయ్యి లేచింది చూశారా? ఈ సంగతి చదివాక లెవెన్స్ హాల్ దుప్పటి నాకు వేరేగా కనిపించింది. కొత్తగా కొనడానికి వీల్లేని గుడ్డ పీలిక కూడా పారేయబుద్ధి కాదు. ముక్కకి ముక్క కలిపి దాచుకోవాలనిపిస్తుంది.

మన తెలుగులో అద్దకం గుడ్డకి చీటిగుడ్డ అని పేరు. చీటి పరికిణీ అంటే మా అమ్మమ్మ తరానికి పూల పరికిణీ. ఇంగ్లీషువాళ్ళ "చింట్జ్" కూడా ఉత్తరాది "ఛీంట్" లోంచి వెళ్ళినదే. కాగితం ముక్కనీ మనం చీటీ అనే అంటాం. పుట్టుక వేరైనా పలకడానికి ఒక్కలా ఉన్న ఈ రెండు మాటలూ ఈ పనిలో ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. పైన చీటి, కింద చీటీ. బి.ఏ.లో చదివిన తెలుగు ఇలా కుట్టుపెట్టె దగ్గర అక్కరకొస్తుందని అప్పుడు అనుకోలేదు.

ఇంకో వందేళ్ళు ముందుకి వస్తే నవలలు చదివేవాళ్ళందరికీ తెలిసిన ఒకావిడ కనిపిస్తుంది. జేన్ ఆస్టిన్. 1811 మే నెలాఖరులో ఆవిడ అక్క కసాండ్రాకి రాసిన ఉత్తరంలో, అతుకు పనికి గుడ్డముక్కలు పోగుచేయడం గుర్తుందా, ఇక్కడ పని ఆగిపోయింది అని అడిగింది. అదే సంవత్సరం అక్టోబరులో ఆవిడ మొదటి నవల "సెన్స్ అండ్ సెన్సిబిలిటీ" అచ్చయింది. చాటన్‌లో వాళ్ళున్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం. జేన్, అక్క, అమ్మ కలిసి కుట్టారని చెప్పే దుప్పటి అక్కడ ఉంది. మధ్యలో పూలబుట్ట, చుట్టూ డైమండు ఆకారం ముక్కలు. ఆవిడ నవలల మీద ఎంత చర్చ జరిగిందో మనకి తెలుసు. అవి దిద్దుకుంటున్న రోజుల్లోనే గుడ్డముక్కలు చాల్లేదని బెంగపడిందని తెలిశాక నాకు ఆవిడ మన వీధి మనిషిలా అనిపించింది.

1835లో అమెరికాలో గోడీస్ లేడీస్ బుక్ అనే స్త్రీల పత్రిక ఈ తేనెపట్టు అతుకు ఎలా వేయాలో అచ్చువేసింది. ఓ వందేళ్ళకి, 1930ల నాటి ఆర్థికమాంద్యంలో, అదే ఆకారం "గ్రాండ్‌మదర్స్ ఫ్లవర్ గార్డెన్" పేరుతో ఇంటింటా వెలిసింది. "అమ్మమ్మ పూలతోట" అన్నమాట. అప్పుడు పిండీ దాణా అమ్మే సంచులు పూల అచ్చు గుడ్డతో వచ్చేవి. ఆడవాళ్ళు సంచి ఖాళీ చేసి, విప్పి, ఉతికి, పిల్లలకి గౌన్లు కుట్టి, మిగిలిన పీలికలతో తోట వేసేవాళ్ళు. డబ్బు లేని రోజుల్లో డబ్బు అక్కర్లేని అందం అది.

ఇప్పుడు కాగితం దగ్గరకి వస్తాను. పాతకాలంలో కాగితం ఖరీదు. ఇలా కత్తిరించడానికి తెల్లకాగితం ఎవరూ కొనరు. అందుకని ఇంట్లో పనైపోయిన కాగితమే కత్తెర కిందకి వచ్చేది. వచ్చిన ఉత్తరాలు, కొట్టు పద్దులు, పాత పత్రికలు, పిల్లలు దస్తూరీ దిద్దుకున్న పుస్తకాలు. పాత దుప్పట్ల వెనక చూస్తే అవన్నీ ముక్కలుముక్కలుగా కనిపిస్తాయి. ఒక ఆరు మూలల కాగితంలో ఎవరి ఉత్తరంలోదో ఒక వాక్యం సగం, ఇంకోదాంట్లో లెక్క ఒకటి, మరోదాంట్లో పిల్లవాడి అక్షరాలు. దుప్పటి వయసు కట్టేవాళ్ళు ముందు చూసేది ఇవే. కాగితం మీద ఒక సంవత్సరం ఉంటే, ఆ దుప్పటి అంతకన్నా ముందుది కాదని తేలిపోతుంది.

కానీ ఇందులో ఒక చిక్కుంది. నూలు దుప్పటి సక్రమంగా పూర్తయితే అందులో కాగితం ఉండదు. ముక్కలన్నీ కలిశాక కాగితాలు తీసేసి, లోపల దూది పొర, కింద అస్తరు వేసి కుట్టేస్తారు. అంటే పని ముగించిన ఇల్లాలి కాగితాలు పొయ్యిలోకి పోయాయి. పని ముగించలేని ఇల్లాలి కాగితాలు మిగిలాయి. పెళ్ళయి వెళ్ళిపోయిందో, పిల్లలు పుట్టారో, జబ్బు చేసిందో, కళ్ళు కనిపించక పక్కన పెట్టిందో. కారణం ఏదైనా, మధ్యలో ఆగిన పనే ఆ ఇంటి సంగతులు మనకి దాచిపెట్టింది. మన పెట్టెల్లో ఎన్ని సగంసగం పనులున్నాయో తలుచుకోండి. ఒక చేయి మాత్రమే ఉన్న స్వెట్టరు, సగం కుట్టిన టేబుల్ క్లాతు. వాటిని చూసినప్పుడల్లా మనల్ని మనం తిట్టుకుంటాం. ఈ చరిత్ర చదివాక నేను తిట్టుకోవడం మానేశాను.

నేను ఈ పని మొదలుపెట్టి మూడేళ్ళయింది. నా కాగితాలు శుభలేఖలు. మనింటికి వచ్చే శుభలేఖలు ఎంత మందంగా ఉంటాయో మీకు తెలుసు. పారేస్తే అశుభమేమోనని దాస్తాం, దాచడానికి చోటుండదు. ఇప్పుడవన్నీ అంగుళం అంచు ముక్కలయ్యాయి. ఒక ముక్కలో పసుపు మరక, ఒక ముక్కలో "సుముహూర్తమున", ఇంకో ముక్కలో ఎవరో పెదనాన్నగారి పేరులో సగం. గుడ్డ మా వీధి టైలరు ఇచ్చే జాకెట్ కత్తిరింపులు.

లెక్క కూడా చెప్తాను, భయపడకండి. అరవై అంగుళాల వెడల్పు, తొంభై అంగుళాల పొడవు ఉన్న దుప్పటికి అంగుళం అంచు ముక్కలు సుమారు 2,080 కావాలి. ముక్కకీ ముక్కకీ మధ్య కుట్టే అంచులు సుమారు 6,200. అన్నీ వరసగా పరిస్తే 500 అడుగుల పైచిలుకు కుట్టు. ఒక ముక్క మడిచి, కుట్టి, కలపడానికి పావుగంట అనుకుంటే 520 గంటలు. రోజుకి గంట దొరికితే ఏడాదిన్నర. రోజూ గంట దొరికే ఇల్లాలు ఎక్కడుందో నాకు చూపించండి!

కష్టాలు ఇవొక్కటే కాదు. నలభై దాటాక చత్వారం వచ్చి సూదిలో దారం ఎక్కించడమే ఒక పరీక్ష. శుభలేఖ మరీ మందమైతే సూది జారి బొటనవేలి గోటి కింద దిగుతుంది. ఫ్యాను వేస్తే ముక్కలు ఎగిరిపోతాయి, ఆపితే చెమటకి సూది జారుతుంది. "బాగున్న గుడ్డని ముక్కలు చేసి మళ్ళీ అతకడం ఏమిటే అమ్మాయ్" అని మా అత్తయ్య. "షాపులో దుప్పటి ఎంతుంటుంది?" అని మా వారు. ఇద్దరికీ జవాబు చెప్పడం కన్నా ఇంకో ముక్క కుట్టుకోవడం తేలిక.

మరి సంతోషం ఎక్కడుందంటే, ఈ పని ఆడవాళ్ళ సమయానికి తగ్గట్టు తయారైంది. మిషన్ ముందు కూర్చుంటే లేవలేం. ఇది అలా కాదు. పప్పు ఉడికేలోగా ఒక ముక్క మడవచ్చు. ఆసుపత్రిలో టోకెన్ పిలిచేలోగా రెండు కలపొచ్చు. ఎప్పుడు పిలిచినా లేవచ్చు, లేచినా పని చెడదు. చిన్న డబ్బాలో పట్టే పని, మన రోజులో మిగిలే ముక్కల్లోనే పట్టే పని. ఇంగ్లీషు రచయిత్రి లూసీ బోస్టన్ వేసవంతా తోటపని చేసుకుని చలికాలంలో ఇలాంటి దుప్పట్లు కుట్టుకునేది. పెద్దతనంలో కూడా మానలేదు. 97 ఏళ్ళు బతికి 1990లో పోయింది. హెమింగ్‌ఫర్డ్ గ్రేలో ఆవిడ ఇంట్లో ఆ దుప్పట్లు ఇంకా ఉన్నాయి.

ఇదే పని ఎంత చీకట్లో చేయి పట్టుకుంటుందో చెప్పే కథ సింగపూర్‌ది. 1942లో జపాన్ సైన్యం సింగపూర్‌ని పట్టుకున్నాక అక్కడి తెల్లవారి ఆడవాళ్ళనీ పిల్లల్నీ చాంగీ జైల్లో పెట్టారు. మగవాళ్ళని వేరుగా ఉంచారు. ఎలిజబెత్ ఎన్నిస్ అనే నర్సు జైల్లో ఆడపిల్లల్ని పోగేసి గర్ల్ గైడ్స్ దళం నడిపింది. ఆ పిల్లలు ఆవిడ పుట్టినరోజుకి ఇవ్వాలని, దొరికిన పీలికలతో ఆరు మూలల ముక్కల పూలు రహస్యంగా కుట్టారు. అది ఇప్పుడు లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉంది. అది చూసి పెద్దవాళ్ళు కూడా మొదలుపెట్టారు. కెనడా ఆవిడ ఎథెల్ మల్వనీ ఆధ్వర్యంలో మూడు దుప్పట్లు తయారయ్యాయి. ఒక్కోదానిలో 66 చదరపు ముక్కలు. ప్రతి ముక్క మీదా ఒక స్త్రీ తన పేరు, తనకి తోచిన బొమ్మ కుట్టింది. అవి సైనికుల ఆసుపత్రికి చేరాయి. ఉత్తరం రాయడానికి వీల్లేని చోట, దుప్పటి మీద పేరు చూసి నా భార్య బతికే ఉందని భర్తలు తెలుసుకోగలిగారు. ముక్క మీద కుట్టిన పేరే ఉత్తరం పని చేసింది.

ఇవన్నీ చదివినప్పుడు మన బొంతలు గుర్తొస్తాయి. పాత నేతచీరలు పొరలుగా పరిచి, పైన మంచి ముక్కలు పెట్టి, పెద్ద సూదితో బారుగా కుట్టేవాళ్ళు. బాలింతకి, పసిపిల్లకి, చలికి, పరుపు కిందకి, అన్నిటికీ అదే. మా అమ్మమ్మ కుట్టిన బొంతల్లో ఒక్కటీ మిగల్లేదు. చిరిగాక కాళ్ళ కింద పట్టా అయ్యాయి, తర్వాత మసిగుడ్డలయ్యాయి. మన కుట్టులో కాగితం లేదు, కనుక దాగిన ఉత్తరమూ లేదు. కుట్టినవాళ్ళు పేరు వేసుకోలేదు. వేసుకోవాలని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. మూడొందల ఏళ్ళ కిందట అద్దకం చీర అంచులో పువ్వు వేసిన బందరు చేతుల పేర్లూ అంతే, వాటిని అతికి దుప్పటి కుట్టిన ఇంగ్లీషు చేతుల పేర్లూ చాలావరకూ అంతే.

అందుకని మీకు ఒక చిన్న మాట. మీ ఇంట్లో అమ్మ కుట్టినదో, అత్తగారు కుట్టినదో బొంత ఒకటి మిగిలి ఉంటే, ఈ వారం దాన్ని ఎండలో వేసినప్పుడు వెనక ఒక మూల చిన్న తెల్లగుడ్డ ముక్క పెట్టి కుట్టండి. దాని మీద ఆవిడ పేరు, ఊరు, సంవత్సరం కాడకుట్టుతో వేయండి. ఆవిడ ఉంటే ఏ ముక్క ఎవరి చీరదో అడిగి రాసి పెట్టుకోండి. మీరు కుట్టేవాటి మీద మీ పేరూ వేయండి. సగంలో ఆగిపోయినా సరే, ముందు పేరు వేసేయండి.